దేశ రక్షణ రహస్యాలు: ఏది దాస్తారు, ఏది అడగొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

సమాచార హక్కు గురించి ఎక్కడ మాట్లాడినా రక్షణ శాఖ ప్రస్తావన రాగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "సైన్యం జోలికి మనమెందుకండీ" అని కొందరు, "అన్నీ దాచేస్తున్నారు" అని ఇంకొందరు. ఆ తర్వాత వచ్చే సందేహాలు మాత్రం దాదాపు అవే. వాటిని ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## చట్టం సంగతి

ఏది రహస్యమో చట్టంలో రాసి ఉంటుందా?

ఉండదు. బ్రిటిష్ హయాంలో 1923లో చేసిన అధికారిక రహస్యాల చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. అందులో గూఢచర్యానికి శిక్షలున్నాయి, నిషిద్ధ ప్రదేశాల నిర్వచనం ఉంది. రహస్యం అంటే ఏమిటన్నది మాత్రం లేదు. ఫైలు మీద టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అని ముద్ర వేసేది ఆ ఫైలు నడిపే శాఖే. ఈ నాలుగు మెట్లూ శాఖల అంతర్గత భద్రతా సూచనల్లోంచి వచ్చాయి, పార్లమెంటు చేసిన చట్టంలోంచి కాదు. ఆచరణలో ముద్ర వేయడానికి పెద్దగా ఆలోచించరు, తీయడానికి ఎవరూ ముందుకు రారు. ముద్ర తీసి తప్పు చేశాడనిపించుకోవడం కంటే ఉంచేసి రిటైరవడం ఏ అధికారికైనా సుఖం.

ఈ చట్టం కింద ఎంత శిక్ష పడుతుంది? విలేఖరులకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. గూఢచర్యం గురించి చెప్పే సెక్షన్ 3 కింద, రక్షణ స్థావరాలకు, సైనిక వ్యవహారాలకు సంబంధించిన నేరమైతే 14 ఏళ్ల దాకా, మిగతా వాటికి 3 ఏళ్ల దాకా జైలు. రహస్య సమాచారాన్ని అనధికారికంగా ఇచ్చినా, తీసుకున్నా సెక్షన్ 5 కింద 3 ఏళ్ల దాకా పడవచ్చు. ప్రభుత్వం అనుమతించి ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకోవాలి. విచారణను మూసిన తలుపుల వెనుక జరపమని ప్రాసిక్యూషన్ కోరవచ్చు.

ఎలా వికటిస్తుందో చెప్పడానికి ఒక్క కేసు చాలు. 2002 జూన్‌లో ఢిల్లీ విలేఖరి ఇఫ్తికార్ గిలానీని ఈ చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్లో దొరికింది కశ్మీర్‌లో బలగాల మోహరింపుపై పాకిస్థాన్‌లో అచ్చయిన వ్యాసం, బయట ఎవరికైనా దొరికేదే. అందులో రహస్యమేమీ లేదని మిలిటరీ ఇంటెలిజెన్స్ చెప్పేదాకా, ప్రభుత్వం కేసు ఉపసంహరించుకునేదాకా ఏడు నెలలు ఆయన తిహార్ జైల్లోనే ఉన్నారు.

ఈ చట్టాన్ని రద్దు చేయాలని ఏదో కమిషన్ చెప్పిందట కదా?

చెప్పింది. వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2006లో ఇచ్చిన తొలి నివేదికలోనే ఆ సిఫారసు ఉంది. 1923 చట్టాన్ని ఎత్తేసి, గూఢచర్యానికి సంబంధించిన నిబంధనలను జాతీయ భద్రతా చట్టంలో ఒక అధ్యాయంగా పెట్టమంది. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని అమలు చేయలేదు.

ప్రజాస్వామ్యంలో ప్రజల దగ్గర దాపరికం ఎందుకు?

దాచాల్సినవి నిజంగానే ఉన్నాయి. విశాఖపట్నం వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో వలవేసి, ఓడలు, జలాంతర్గాములు ఎక్కడున్నాయో, ఎటు కదులుతున్నాయో రాబట్టారన్నది ఆరోపణ. ఆ వెంటనే నౌకాదళం స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. ఓడ ఏ రోజు బయల్దేరుతుందన్న చిన్న ముక్క ఒక్కటే చూస్తే ఏమీ అనిపించదు. అలాంటివి ఇరవై పోగు చేసిన వాడికి బొమ్మ మొత్తం కనబడుతుంది.

అదే విశాఖలో ఇంకో తరహా గోప్యత కూడా ఉంది. అణు జలాంతర్గామి అరిహంత్ పనులు ఏటీవీ అనే ముక్తసరి పేరు వెనుక ఏళ్ల తరబడి సాగాయి. 2009 జులై 26న నీటిలోకి దించినప్పుడు దేశమంతటికీ తెలిసింది. 2016లో దళంలో చేరినప్పుడు మాత్రం ప్రకటనే లేదు. మళ్లీ 2018 నవంబరులో, తొలి నిరోధక గస్తీ పూర్తయిందని ప్రధానమంత్రే ప్రకటించారు. అణ్వస్త్రం ఉందని శత్రువుకు తెలియాలి, ఎక్కడుందో తెలియకూడదు. నిరోధం పనిచేసేదే అలా. కాబట్టి ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది కూడా రక్షణ వ్యూహంలో భాగమే. పేచీ అంతా ఆ సాకుతో మామూలు పొరపాట్లను, ఖర్చులను, పాత ఓటములను కూడా అదే బీరువాలో పెట్టేయడం దగ్గరే.

## అడగడానికి ముందు

సైన్యం సమాచార హక్కు చట్టం పరిధిలోకి రాదు కదా?

చాలామంది ఇదే అనుకుంటారు, తప్పు. సైన్యం, నౌకాదళం, వాయుసేన, రక్షణ శాఖ నాలుగూ 2005 నాటి చట్టం పరిధిలోనే ఉన్నాయి. సెక్షన్ 24 కింద రెండో షెడ్యూల్లో పేరున్న సంస్థలకే మినహాయింపు. ఐబీ, రా, బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఎన్‌ఎస్‌జీ, అస్సాం రైఫిల్స్, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, 2011లో చేరిన సీబీఐ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. త్రివిధ దళాల దగ్గర నుంచి ఒక కాగితం రాకపోతే, దానికి వాళ్లు సెక్షన్ 8లోని ఒక నిర్దిష్ట కారణం చూపించి తీరాలి. "మేము చట్టంలో లేము" అనడానికి కుదరదు.

హైదరాబాద్‌లో ఇన్ని రక్షణ సంస్థలున్నాయి. వాటిని అడగొచ్చా?

ఏ సంస్థ అన్నదాన్ని బట్టి. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ డీఆర్‌డీఓ ల్యాబులు కాబట్టి మినహాయింపులో ఉన్నాయి. అయితే అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని సెక్షన్ 24లోనే ఉంది. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి. భారత్ డైనమిక్స్, మిధానీ ప్రభుత్వరంగ సంస్థలు. వాటికి మామూలు దరఖాస్తే వెళ్తుంది. క్షిపణి డ్రాయింగు ఇవ్వరు గానీ, టెండర్లు, నియామకాలు, కాంట్రాక్టు కార్మికుల లెక్కలు అడగవచ్చు.

రక్షణ ఖర్చు గురించి బయటకు ఏమీ చెప్పరు కదా?

చెబుతారు, చాలామంది చూడరంతే. 2025-26 బడ్జెట్లో రక్షణకు సుమారు 6.81 లక్షల కోట్లు కేటాయించారు. జీతాలు, కొనుగోళ్లు, పింఛన్లు విడివిడి డిమాండ్లుగా బడ్జెట్ పత్రాల్లోనే ఉంటాయి. పింఛన్లకే 1.6 లక్షల కోట్లు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికలు, ఉభయ సభల్లో మంత్రులు ఇచ్చిన జవాబులు ఎవరైనా చదువుకోవచ్చు. దరఖాస్తు పెట్టేముందు అవి ఒకసారి వెతికితే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంగతి వేరు. 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోవని 2017 జులైలో కాగ్ నివేదిక చెప్పింది. శత్రువుకు చేతులారా చెప్పినట్టయిందని కొందరన్నారు. ఇది బయటపడకపోతే ఆ కొరత ఇంకో దశాబ్దం నడిచేదని మిగతావాళ్లన్నారు. ఆ తర్వాత రక్షణ నివేదికలను వెబ్‌సైట్‌లో పెట్టడం కాగ్ ఆపింది, పార్లమెంటుకు మాత్రం సమర్పిస్తోంది. నా మట్టుకు, ఇప్పుడున్న నిల్వను దాచి మూడేళ్ల కిందటి కొరతకు జవాబుదారీ అడగడం రెండూ కుదిరే పనులే. తేదీలు కాస్త వెనక్కి జరిపితే చాలు.

మా ప్రాంతంలో నౌకాదళం కేంద్రం కడుతోంది. మమ్మల్ని అడగకుండా ఎలా కడతారు?

వికారాబాద్ జిల్లా దామగుండం విషయంలో ఇది ఎక్కువగా వచ్చింది. జలాంతర్గాములతో మాట్లాడే వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రం కోసం పూడూరు మండలంలోని రిజర్వు అడవిలో సుమారు 2,900 ఎకరాలు ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అప్పటికి దేశంలో ఇలాంటిది తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ ఒక్కటే.

మామూలు ప్రాజెక్టయితే ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులకు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ దాని నుంచి మినహాయింపు ఇచ్చింది. కానీ మినహాయించింది సభను మాత్రమే. అటవీ భూమి మళ్లింపునకు పెట్టిన షరతులు, నరికే చెట్ల లెక్క, బదులు నాటే మొక్కలు, గుడికి, పశువులకు దారి వంటివి రహస్యాలు కావు. అటవీ శాఖనూ కలెక్టరు కార్యాలయాన్నీ అడిగితే ఇవ్వాల్సిందే. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందని అడిగితే ఇవ్వరు, ఆ సమాచారంతో ఊరికి పని కూడా లేదు. చెట్ల లెక్క మీదే రెండు వైపులా పొంతన లేనప్పుడు, ఆ లెక్క కాగితం బయట పెట్టడం వల్ల నౌకాదళానికి మేలే తప్ప కీడు లేదు.

కంటోన్మెంట్‌లో రోడ్డు మూసేసి 'భద్రతా కారణాలు' అంటున్నారు. అడగడానికి వీలుందా?

ఉంది. 2006 కంటోన్మెంట్ల చట్టం సెక్షన్ 258 ప్రకారం రోడ్డు మూయాలంటే నోటీసు ఇచ్చి ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. సికింద్రాబాద్‌లో ఏళ్ల తరబడి ఈ గొడవ నడిచింది. గేటు దగ్గర జవాన్లతో వాదనకు దిగితే లాభం లేదని, ఆ నోటీసు కాపీ కోసం అక్కడి కాలనీల వాళ్లు దరఖాస్తులు పెట్టారు. 2018 మేలో దేశవ్యాప్తంగా కంటోన్మెంట్ రోడ్లు తెరవమని రక్షణ శాఖ ఆదేశించింది. మీ వీధి మళ్లీ మూస్తే కంటోన్మెంట్ బోర్డుకు రాయండి: మూసివేత ఉత్తర్వు, నోటీసు తేదీ, వచ్చిన అభ్యంతరాలు, వాటిపై నిర్ణయం. నాలుగే అంశాలు.

## దరఖాస్తు దశ

రక్షణ విషయాలపై ప్రశ్న ఎలా రాస్తే తిరస్కరించకుండా ఉంటారు?

తిరస్కరించరని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, రాసే తీరులో చాలా ఉంది. ఒక నమూనా చూడండి.

"వాయుసేన దగ్గర పనిచేసే స్థితిలో ఎన్ని యుద్ధ విమానాలున్నాయి?" అని రాస్తే దేశ భద్రత గురించి చెప్పే సెక్షన్ 8(1)(ఎ) కింద కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా. దాన్నే ఇలా రాయండి: "2015 నుంచి 2020 దాకా ఏటా జరిగిన శిక్షణ విమాన ప్రమాదాల సంఖ్య, వాటిలో దర్యాప్తు పూర్తయినవెన్ని, మరణించిన సిబ్బంది కుటుంబాలకు చెల్లించిన పరిహారం మొత్తం." ఇది జరిగిపోయిన విషయం, లెక్కల రూపంలో ఉంది, ఏ స్థావరం పేరూ లేదు.

"ఎందుకు చేశారు, ఎలా సమర్థించుకుంటారు" అని అడగొద్దు. అధికారి దగ్గర ఉన్న రికార్డు ఇవ్వడమే చట్టం చెప్పింది, అభిప్రాయం కాదు. ఒకే దరఖాస్తులో సున్నితమైన ప్రశ్న, మామూలు ప్రశ్న కలిపితే రెంటికీ ఒకే తిరస్కరణ వస్తుంది. విడివిడిగా పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు.

సైన్యం గురించి అడిగితే నా మీద నిఘా పెడతారా? ఎందుకు అడుగుతున్నానో చెప్పాలా?

కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా చెబుతుంది. మిమ్మల్ని సంప్రదించడానికి కావలసిన వివరాలు ఇస్తే చాలు. దరఖాస్తు పెట్టడం నేరం కాదు, ఇవ్వాలో వద్దో తేల్చే బాధ్యత అధికారిది. అడ్డదారిలో, అంటే లోపల పనిచేసే బంధువు ద్వారా ఫైలు ఫొటో తెప్పించుకుంటేనే ఇబ్బంది. అప్పుడు మీరూ, ఆ బంధువూ ఇద్దరూ ఇరుక్కుంటారు.

నేను విదేశంలో ఉంటున్నాను. నేనూ అడగొచ్చా?

భారత పౌరసత్వం ఉంటే అడగొచ్చు, కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఓసీఐ కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు కుదరదు, ఈ హక్కు పౌరులకే. ఊళ్లో ఉన్న అన్నయ్యో, అక్కయ్యో తమ పేరుతో పెట్టుకోవచ్చు.

"దేశ భద్రత దృష్ట్యా ఇవ్వలేం" అని ఒక్క లైనులో జవాబు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఆ ఒక్క లైను జవాబు చట్టప్రకారం చాలదు. ఏ నిబంధన కింద, ఏ కారణంతో తిరస్కరించారో, అప్పీలు ఎవరికి చేసుకోవాలో రాయాలి. 30 రోజుల్లో మొదటి అప్పీలు పెట్టండి. అక్కడా కాదంటే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అప్పీలులో రెండు సెక్షన్లు తప్పక పేర్కొనండి.

మొదటిది సెక్షన్ 10. పత్రంలో కొంత భాగమే సున్నితమైతే దాన్ని నల్లగీతలతో కొట్టేసి మిగతాది ఇవ్వాలి. పది పేజీల్లో ఒక పేరా కోసం పదీ దాచడం కుదరదు.

రెండోది సెక్షన్ 8(2). వెల్లడించడం వల్ల జరిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే, 1923 నాటి రహస్యాల చట్టం అడ్డున్నా సరే ఇవ్వొచ్చు. ఆ చట్టంతో ఎక్కడ వైరుధ్యం వచ్చినా సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని సెక్షన్ 22 చెబుతుంది. ఏ ప్రజాప్రయోజనమో మీరే నాలుగు వాక్యాల్లో రాయాలి. "ప్రజలకు తెలియాలి" అన్న ముక్క ఒక్కటీ రాసి ఊరుకుంటే కమిషన్ ముందు నిలవదు.

ముంబయి కొలాబాలో సైనిక సిబ్బంది కోసమని కట్టిన ఆదర్శ్ సొసైటీ అపార్టుమెంట్ల భాగోతం బయటికి లాగడంలో సమాచార హక్కు దరఖాస్తుల పాత్ర ఉంది. 2010 నవంబరులో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అశోక్ చవాన్ రాజీనామా దాకా వెళ్లింది. ఆ ఫైళ్లలో ఫ్లాట్లు ఎవరెవరికి దక్కాయన్న జాబితా ఉంది గానీ, శత్రువుకు పనికొచ్చేది ఏమీ లేదు.

## కోర్టు దాకా వెళ్తే

దేశ భద్రత అనగానే కోర్టులు వెనక్కి తగ్గుతాయా?

కొన్నిసార్లు తగ్గాయి, కొన్నిసార్లు లేదు. రాఫెల్ కేసు ఒక్కదానిలోనే రెండూ కనిపిస్తాయి. 36 విమానాల ఒప్పందంపై పిటిషన్లను సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 14న కొట్టేసింది. ధరల వివరాలు సీల్డ్ కవర్‌లోనే వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో ఒప్పందానికి సంబంధించిన ఫైలు నోట్లను ఒక దినపత్రిక అచ్చు వేసింది. అవి దొంగిలించిన పత్రాలని, కోర్టు చూడకూడదని ప్రభుత్వం వాదించింది. 2019 ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, రహస్యాల చట్టం కన్నా సమాచార హక్కుకు దక్కే ప్రాధాన్యాన్ని గుర్తుచేసింది. చివరికి అదే ఏడాది నవంబరులో రివ్యూ పిటిషన్లూ కొట్టివేశారు. పత్రాలు చూడనివ్వడం వేరు, కేసు గెలవడం వేరు.

పెగసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్‌తో ఫోన్లపై నిఘా పెట్టారన్న కేసులో, మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ ధర్మాసనం, భద్రత పేరు ఎత్తిన ప్రతిసారీ ప్రభుత్వానికి దారి వదిలేది లేదని 2021 అక్టోబరు 27న చెప్పి, సాంకేతిక కమిటీని వేసింది.

సీల్డ్ కవర్ అంటే ఏమిటి? అది న్యాయమేనా?

ప్రభుత్వం కోర్టుకిచ్చే పత్రాన్ని న్యాయమూర్తి ఒక్కరే చూస్తారు, ఎదుటి పక్షానికి చూపరు. తన మీద ఏముందో తెలియని మనిషి దానికి ఏం జవాబు చెబుతాడు? మలయాళ వార్తా ఛానల్ మీడియావన్ లైసెన్సు కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని గట్టిగానే తప్పుబట్టింది. భద్రత అన్న వాదన గాలిలోంచి పుట్టకూడదని, దానికి ఆధారం చూపాలని అంది. ప్రభుత్వం గోప్యత కోరితే, దాన్ని విడిగా పరీక్షించే పద్ధతి ఎలా ఉండాలో కూడా చెప్పింది.

## ఉద్రిక్తత నడుస్తున్నప్పుడు

ఆపరేషన్ నడుస్తుంటే టీవీల్లో లైవ్ ఎందుకు ఇవ్వనివ్వరు?

2008 నవంబరు 26 ముంబయి దాడి వల్ల. కమాండోలు ఏ అంతస్తులో దిగుతున్నారో ఛానళ్లు చూపిస్తుంటే, పాకిస్థాన్‌లో కూర్చున్న సూత్రధారులు అదే చూస్తూ లోపలున్న వాళ్లకు ఫోన్లో చెప్పారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్లను ఈ విషయంలో నిలదీసింది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ ముగిసేదాకా, ప్రభుత్వం నియమించిన అధికారి ఎప్పటికప్పుడు చెప్పే వివరాలకే పరిమితం కావాలని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 26న సమాచార శాఖ దీన్నే మళ్లీ గుర్తుచేసింది. ఈ ఒక్క ఆంక్ష మీద ఎవరికీ పెద్దగా పేచీ ఉండకూడదు. నష్టం స్పష్టంగా కనిపిస్తోంది, ఆపరేషన్ ముగియగానే ఆంక్షా ముగుస్తుంది.

మనవైపు నష్టాన్ని వెంటనే ఎందుకు చెప్పరు?

కొంత ఆలస్యానికి న్యాయమైన కారణం ఉంది. వార్త టీవీలో కన్నా ముందు ఇంటికి చేరాలి. ఏం జరిగిందో రంగంలో ఉన్నవాళ్లకే పూర్తిగా తెలియకపోవచ్చు. 2020 జూన్ 16న గల్వాన్ ఘర్షణపై సైన్యం తొలి ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అని ఉంది. రాత్రికి ఆ సంఖ్య 20 అయింది. ఆ అధికారి సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. చైనా తన వైపు నలుగురు మరణించారని ఒప్పుకున్నది 2021 ఫిబ్రవరిలో. ఒక్కరోజులో మొత్తం సంఖ్య చెప్పిన దేశానికి, ఎనిమిది నెలలు నోరు మెదపని దేశానికి తేడా అక్కడే తెలిసింది. అయితే 2020 ఆగస్టులో, తూర్పు లద్దాఖ్‌లో చైనా చొరబాటును ప్రస్తావించిన పత్రం ఒకటి రక్షణ శాఖ వెబ్‌సైట్లో కనబడి, వార్త కాగానే మాయమైంది. పెట్టి తీసేయడం వల్ల పెట్టకపోవడం కన్నా ఎక్కువ అనుమానం పుట్టింది.

మిగతా సందర్భాల్లో ఆలస్యానికి కారణం ఇబ్బందే. 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, ఒక పౌరుడు చనిపోయారు. అది తమ పెద్ద తప్పేనని వాయుసేనాధిపతి చెప్పింది అక్టోబరులో. ఆపరేషన్ సిందూర్‌లో యుద్ధ విమానాలు కోల్పోయిన మాట నిజమేనని త్రివిధ దళాధిపతి అనిల్ చౌహాన్ 2025 మే 31న సింగపూర్‌లో ఒక విదేశీ వార్తాసంస్థతో అన్నారు, సంఖ్య చెప్పలేదు. సంఖ్య దాచడంలో అర్థముంది. కానీ ఆ మాట ముందుగా ఇక్కడ, మనవాళ్లతో చెప్పి ఉండాల్సింది.

తప్పు ఒప్పుకుంటే దేశం పరువు పోదా?

2022 మార్చి 9న పొరపాటున దూసుకెళ్లిన మన క్షిపణి పాకిస్థాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. పాకిస్థాన్ బయటపెట్టిన మర్నాడు, మార్చి 11న మన రక్షణ శాఖ ఒప్పుకుని విచారం తెలిపింది. 15న మంత్రి పార్లమెంటులో ప్రకటన చేశారు. ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. అణ్వస్త్ర దేశాల మధ్య అలాంటి ఘటన ఎటైనా తిరగవచ్చు. దాచి ఉంటే అవతలివాడు దాన్ని పరీక్షగానో, దాడిగానో ఊహించుకునేవాడు.

సైనిక కదలికల వీడియో గ్రూపులో వచ్చింది. ఫార్వర్డ్ చేయొచ్చా?

వద్దు. నిజమైతే కదలిక బయటపెట్టినట్టు, అబద్ధమైతే భయం పంచినట్టు. 2025 మేలో వీడియో గేముల దృశ్యాలు కూడా యుద్ధ దృశ్యాలుగా చక్కర్లు కొట్టాయి. దేశ భద్రతకు భంగం కలిగించే తప్పుడు సమాచారం వ్యాప్తి చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 197 కింద నేరం. కాన్వాయ్ వెళ్తుంటే చేయి ఊపండి, ఫోను మాత్రం జేబులోంచి తీయకండి.

మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. ఎక్కడున్నాడో బంధువులకు చెప్పొచ్చా?

"బాగున్నాడు, పోస్టింగ్ ఉత్తరాన" అనేంతవరకు ఇబ్బంది లేదు. యూనిట్ పేరు, ఊరు, సెలవు తేదీలు, రైలు నంబరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. 2020 జులైలో ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని సైన్యం జవాన్లకు చెప్పింది. ఇంట్లోవాళ్లకు ఆ ఆదేశం వర్తించదు కాబట్టి, వల వేసేవాళ్లు అటువైపు నుంచి వస్తారు. ఆయన యూనిఫాం ఫొటో చూసి "మీవాడు మా తమ్ముడి బ్యాచ్‌మేట్ కదా ఆంటీ" అని తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా ముందు ఆయనకు చెప్పండి.

## యుద్ధం ముగిశాక

1962 యుద్ధంపై నివేదిక ఇప్పటికీ ఎందుకు బయటపెట్టలేదు?

లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్.భగత్ 1963లో ఇచ్చిన నివేదిక ఇది. ఇందులోని విషయాలకు నేటికీ సైనికంగా విలువ ఉందని అప్పటి రక్షణ మంత్రి ఎ.కె.ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్ సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర సమాచార కమిషన్ కాదంది. 2014లో విదేశీ పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ అందులో చాలా భాగాన్ని అంతర్జాలంలో పెట్టేశారు. ఎవరైనా చదవగలిగే ఆ భాగం కూడా ఇక్కడ ఇంకా రహస్యమే.

కార్గిల్‌తో పోల్చి చూడండి. యుద్ధం ముగిసిన మూడు రోజులకే, 1999 జులై 29న కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేశారు. 2000 ఫిబ్రవరి 23న నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. సున్నితమైన భాగాలు తీసేసినా, నిఘా వైఫల్యాల గురించి మిగిలిన భాగంలో చాలానే ఉంది. దాంతో నిఘా వ్యవస్థలో మార్పులొచ్చాయి, సరిహద్దు ఎక్కడా కూలిపోలేదు. ఏడు నెలల్లో చేయగలిగినది అరవై ఏళ్లలో చేయకపోవడానికి సైనిక కారణం నాకైతే కనబడదు.

ఇరవై ఏళ్లు దాటితే అన్నీ ఇచ్చేయాలట కదా?

సెక్షన్ 8(3) అలాగే చెబుతుంది, కానీ దేశ భద్రత, సార్వభౌమత్వం అంశాలకు ఆ నియమం వర్తించదు. అంటే అక్కడ తాళానికి గడువు తేదీ లేదు. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం తెచ్చింది. మామూలుగా 25 ఏళ్లకు రికార్డుల గోప్యత తీసేయాలి, యుద్ధం ముగిసిన రెండేళ్లలో కమిటీ వేసి ఐదేళ్లలో చరిత్ర రాయాలి, నిపుణులు పరిశీలించాక రికార్డులను జాతీయ అభిలేఖాగారానికి పంపాలి. మంచి విధానమే. అయితే ఇది శాఖ విధానం, దాన్ని పట్టుకుని మీరు కోర్టులో నిలబెట్టేంత హక్కు కాదు.

పత్రాలు మిగలడం ఇంకో సమస్య. 1971 యుద్ధానికి సంబంధించి తూర్పు కమాండ్ రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. విశాఖ తీరంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఎలా మునిగిందో రెండు దేశాలూ రెండు కథలు చెబుతున్నాయి. ఇలాంటి వాదాలు తేలాలంటే ఆ రోజు రాసిన పత్రాలే కావాలి.

1948 హైదరాబాద్ పోలీసు చర్య నివేదిక దొరుకుతుందా?

ఇప్పుడు దొరుకుతుంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన సైనిక చర్య, దాని తర్వాతి హింసపై పండిట్ సుందర్‌లాల్ కమిటీ అదే ఏడాది చివర్లో జిల్లాలు తిరిగింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో (2023 నుంచి ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం) అందుబాటులోకి వచ్చిన సంగతి 2013లో వార్తల్లోకెక్కింది. మధ్యలో గడిచిన అరవై అయిదేళ్లలో మరాఠ్వాడాలో, బీదర్‌లో, తెలంగాణలో ఎవరికి తోచిన సంఖ్య వాళ్లు చెప్పుకున్నారు.

మా తాతగారు 1971 యుద్ధంలో పనిచేశారు. ఆయన రికార్డు ఎక్కడ అడగాలి?

ముందు ఇంట్లో వెతకండి: డిశ్చార్జి పుస్తకం, పింఛను పత్రం, పతకాల అంచున చెక్కిన నంబరు. సర్వీసు నంబరు, రెజిమెంటు దొరికితే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయాలి. వారసులైతే బంధుత్వ రుజువు జతచేయండి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో మాజీ సైనికుల సంఘాల వాళ్లకు ఏ రెజిమెంటుకు ఏ రికార్డు ఆఫీసో నోటికొచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ చెబుతారు. ఆయన యూనిట్ యుద్ధంలో ఏం చేసిందో తెలియాలంటే రక్షణ శాఖ చరిత్ర విభాగాన్ని విడిగా అడగండి. సొంత మనిషి సర్వీసు వివరాలకు, యూనిట్ యుద్ధ డైరీకి ఒకే దరఖాస్తు పెట్టకండి. మొదటిది వచ్చేస్తుంది, రెండోదానికి అప్పీలు రాయడానికి సిద్ధంగా ఉండండి.